మామకు కీమోతో పాటు 'జీన్ థెరపీ' ఇంజెక్షన్ అంటాండారు – బెంగళూరులో ఎవరికైనా అనుభవం ఉందా?

గోరంట్ల_అల్లుడు | సోమవారం, రాత్రి 11:20

అందరికీ నమస్కారం. మాది హిందూపురం పక్కన గోరంట్ల. నేను బొమ్మనహళ్ళిలో గార్మెంట్స్‌లో సూపర్‌వైజర్‌ని. మా మామకు 58. వయసులో ఉన్నప్పటి నుంచి ఆకు వక్క, దాంట్లోకి పొగాకు. పోయిన ఏడాది ఎడమ బుగ్గ లోపల పుండు ఎంతకీ మానకపోతే చూపించినాము, క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి రేడియేషన్ ఇచ్చినారు. ఏడు నెలలు బాగుండె. ఇప్పుడు మెడ కింద గడ్డ తేలింది, నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోవడం లేదు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ మళ్ళీ కోయడానికి లేదు, కీమో పెడదాం అన్నారు. గురువారం మొదటిది. ఈలోగా మా బంధువు ఒకాయన ఇక్కడే ఒక సెంటర్‌కు పిల్చుకొని పోయినాడు. అక్కడ కౌన్సిలర్ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో బొమ్మలు చూపించింది. ఉత్త కీమో అయితే సగం పనే అంట, జీన్ థెరపీ కలిపితే చెడిపోయిన జీన్‌నే బాగు చేస్తారంట. 6 డోసులు, 9 లక్షలు. అడ్వాన్సు 3 లక్షలు ఈ శనివారం లోపల కట్టాల. మా బావమరిది చీనీ తోటలో రెండెకరాలకు అప్పుడే బేరం పెట్టినాడు.

నిజంగా ఇట్లాంటిది ఉందా? తెలిసినవాళ్ళు చెప్పండి, పుణ్యముంటుంది.

సిల్క్‌బోర్డు_బాధితుడు | సోమవారం, రాత్రి 11:34

అన్నా, శనివారం లోపల కట్టమన్నారంటేనే నాకు డౌట్. వైద్యానికి ఆఖరి తేదీ పెట్టడం ఎక్కడా చూళ్ళేదు. ఫ్లాట్లు అమ్మేవాళ్ళు పెడతారు, అది చూశా. తెలిసినవాళ్ళు పొద్దున్న చూస్తారు, నిద్రపోండి.

డేకేర్_సిస్టర్ | మంగళవారం, ఉదయం 6:05

నేను కీమో డేకేర్‌లో నర్సుని, పన్నెండేళ్ళుగా ఇదే పని. డ్యూటీకి పోతూ రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

ఒక్కటే చెప్తాను. ఆ సెంటర్ సంగతి తేలినా తేలకపోయినా గురువారం కీమో తప్పించకండి. 'కొత్త మందు మొదలుపెడతాం, కీమో రెండు వారాలు ఆపుదాం' అని పోయి, మూడో నెలలో స్ట్రెచర్ మీద తిరిగొచ్చినవాళ్ళని ఇదే వార్డులో చూశాను. మెడలో గడ్డ మన బేరాలు తెగేదాకా ఆగదు.

ఇచ్చేది సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు అయితే ఆ రోజు దాదాపు అంతా సెలైనే. ముందు రెండు మూడు సీసాలు, అందులో మెగ్నీషియం, ఆ తర్వాత మందు. మందు సంచికి వెలుతురు తగలకుండా ముదురు రంగు కవరు తొడుగుతాం, చూసి భయపడొద్దు. ఒంటేలు ఎంత పోశారో కొలిచి రాయాలి, కిడ్నీ కాపాడుకునేది అక్కడే. చెవుల్లో గుంయ్‌మని మోత వస్తే వయసు అనుకోకుండా వెంటనే చెప్పండి.

వైరస్_వంటవాడు | మంగళవారం, ఉదయం 9:48

బొమ్మసంద్రలో ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తాను. డాక్టర్‌ని కాదు. కణాల్లోకి జీన్ మోసుకుపోయే వైరస్‌లు పెంచడం నా ఉద్యోగం, అందుకే ఈ పేరు.

'కీమో ప్లస్ జీన్ థెరపీ' అన్నది గాలి మాట కాదు. దాని వెనక అసలు ఆలోచన ఇది. మన కణాల్లో పీ53 అని ఒక ప్రోటీన్ ఉంది, 1979లో కనిపెట్టారు. ఊరికి తలారి లాంటిది. డీఎన్ఏ దెబ్బతింటే ముందు పసిగట్టేది అదే. బాగుపడేట్టుంటే పని ఆపించి బాగు చేయిస్తుంది, లేదంటే ఆ కణాన్ని చచ్చిపొమ్మంటుంది. సిస్‌ప్లాటిన్ చేసేది డీఎన్ఏని దెబ్బతీయడం. దెబ్బ తగిలింది సరే, 'చావు' అని చెప్పే తలారి ముందే పోయి ఉంటే? కణం ఆ దెబ్బతోనే లేచి తిరుగుతుంది. మొత్తం క్యాన్సర్లలో సుమారు సగంలో పీ53 చెడి ఉంటుంది, పొగాకుతో వచ్చే నోటి క్యాన్సర్లలో ఇంకా ఎక్కువ. అందుకని మంచి పీ53 జీన్‌ని వైరస్‌లో పెట్టి గడ్డలోకి పంపి, ఆపైన కీమో గానీ రేడియేషన్ గానీ ఇస్తే బాగా పనిచేయాలి కదా అనుకున్నారు.

చైనాలో 2003లో సరిగ్గా ఇలాంటిదానికే అనుమతిచ్చారు. జెండిసిన్ అంటారు. తల, మెడ క్యాన్సర్లకి రేడియేషన్‌తో కలిపి నేరుగా గడ్డలోకి పొడుస్తారు. మోసుకెళ్ళేది అడినోవైరస్, అంటే జలుబు తెప్పించే రకం. కోరలు పీకిన పాము, లోపలికి పోతుంది గానీ పిల్లలు పెట్టలేదు. రెండోది 2005లో, ఆంకోరిన్. దీనికి కోరలు పూర్తిగా పీకలేదు. క్యాన్సర్ కణంలో పెరిగి దాన్ని పగలగొట్టి బయటికొచ్చేట్టు, మామూలు కణంలో పెద్దగా పెరగకుండా మలిచారు. దాన్ని ఇచ్చిందే కీమోతో కలిపి. వాళ్ళ ట్రయల్‌లో సిస్‌ప్లాటిన్, 5-ఎఫ్‌యూ అనే కీమో మందులు మాత్రమే తీసుకున్నవాళ్ళలో 39.6 శాతం మందికి గడ్డ తగ్గితే, వైరస్ కూడా కలిపినవాళ్ళలో 78.8 శాతం మందికి తగ్గింది.

ఆ అమ్మాయి ల్యాప్‌టాప్ బొమ్మల్లో ఈ అంకెలే ఉండి ఉంటాయని నా అనుమానం.

గోరంట్ల_అల్లుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

సార్, 78 అన్న అంకె ఆయమ్మ చెప్పింది! కరెక్టే. మరి అంత బాగుంటే ఇరవై ఏండ్లయినా మన పెద్దాసుపత్రుల్లో ఎందుకు లేదు? మా బావమరిది అదే అడుగుతాండాడు. కంపెనీల కుట్ర అంటాడు.

వైరస్_వంటవాడు | మంగళవారం, మధ్యాహ్నం 1:52

సార్ వద్దు, తమ్ముడు అనండి చాలు. లంచ్ టైమ్, రాస్తా.

గడ్డ తగ్గడం వేరు, మనిషి ఎక్కువ కాలం బతకడం వేరు. ఆ 78.8 గడ్డ తగ్గిన లెక్క మాత్రమే. వైరస్ పొడిచిన గడ్డ తగ్గుతుంది. పొడవని చోట, ఊపిరితిత్తుల్లోనో కాలేయంలోనో నక్కిన విత్తనాల మాటేంటి? రక్తంలోకి ఎక్కిద్దామా అంటే, జలుబు అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వచ్చి పోయిందే, చాలామంది ఒంట్లో ఆ వైరస్ మీద యాంటీబాడీలు రెడీగా ఉంటాయి. గడ్డ దాకా పోనివ్వవు. ఇంకో చిక్కు, గడ్డలో వంద కణాలుంటే వందకీ జీన్ అందదు, తప్పించుకున్న నాలుగు చాలు మళ్ళీ మొలవడానికి.

అమెరికాలో ఇలాంటి పీ53 వైరస్ ఒకటి అనుమతికి వెళ్తే 2008లో తిప్పి పంపారు. నాకు బాగా నచ్చిన ఐడియా ఇంకోటుంది. కీమో మందుని గడ్డలోనే వండించడం. ఒక ఎంజైమ్ జీన్‌ని గడ్డలోకి పంపుతారు. రోగికి 5-ఎఫ్‌సీ అని, ఫంగస్ తగ్గడానికి వాడే మాత్ర ఇస్తారు, అది అంతగా హాని చేయదు. గడ్డలోకి చేరాక ఆ ఎంజైమ్ దాన్ని 5-ఎఫ్‌యూగా మారుస్తుంది, అంటే అసలైన కీమో. జుట్టు, నోరు, పేగుల జోలికి పోకుండా గడ్డలోనే మందు. వింటే ఎంత ముచ్చటగా ఉంటుందో! మెదడు క్యాన్సర్‌కి నాలుగు వందల మంది మీద పెద్ద ట్రయల్ చేశారు. 2019లో ఫలితం వచ్చింది, మామూలు వైద్యం కన్నా మెరుగేమీ కాదని. ఆ రోజు మా ల్యాబ్‌లో టీ బ్రేక్‌లో ఎవరూ మాట్లాడలేదు.

కుట్ర ఏమీ లేదన్నా. పనిచేసి ఉంటే కంపెనీలు ఎగబడి అమ్ముకునేవి.

ప్రకృతి_బాట | మంగళవారం, మధ్యాహ్నం 2:30

కీమో అంటేనే విషం. లక్ష్మణఫలం ఆకుల కషాయం 48 రోజులు తాగితే ఏ జీనూ అక్కర్లేదు. మా దగ్గర పొడి దొరుకుతుంది, ఫోన్ చేయండి: [నంబరు తొలగించబడింది]

మోడరేటర్ | మంగళవారం, మధ్యాహ్నం 2:41

నంబరు తీసేశాను. ఈ వేదికలో మందులు అమ్మడం కుదరదని ఇదివరకే రెండుసార్లు చెప్పాం. ఈ సభ్యుడికి వారం పాటు రాసే వీలు లేదు. అల్లుడు గారూ, మీరు కానివ్వండి.

తమ్ముడి_అన్న | మంగళవారం, రాత్రి 10:10

ఈ చర్చ చూసి రాయకుండా ఉండలేకపోయా. కీమో, జీన్ థెరపీ రెండూ కలిసిన వైద్యం మా ఇంట్లో జరిగింది, ఈ ఊళ్ళోనే. కానీ అది మీ మామగారి జబ్బుకి కాదు, ముందే చెప్తున్నా.

మా తమ్ముడికి 34. బీ-కణాల లింఫోమా, అంటే ఒక రకం రక్త క్యాన్సర్. రెండు రకాల కీమో అయ్యాక కూడా తిరగబెట్టింది. అప్పుడు కార్-టీ అన్నారు. మన రక్తంలో రోగాలతో పోరాడే టీ కణాలు తీసి, ల్యాబ్‌లో వాటికి కొత్త జీన్ ఎక్కించి, క్యాన్సర్ కణాన్ని గుర్తుపట్టేట్టు చేసి మళ్ళీ మన ఒంట్లోకే పంపుతారు. డయాలిసిస్ లాంటి మెషీన్ దగ్గర నాలుగు గంటలు పడుకోబెట్టి కణాలు తీశారు. అవి తయారై వచ్చేదాకా జబ్బు పెరగకుండా మధ్యలో కొంచెం కీమో. కణాలు వచ్చాక మళ్ళీ మూడు రోజులు ఫ్లుడరాబిన్, సైక్లోఫాస్ఫమైడ్ అనే కీమో మందులు. ఇదెందుకు సార్ అని అడిగా, ఈ కీమోతో క్యాన్సర్ పోదన్నారు కదా అని. డాక్టర్ గారిది కర్నూలు వైపు, తెలుగులోనే చెప్పారు: 'కలుపు తీయకుండా నారు పోస్తావా?' పాత టీ కణాలు ఖాళీ చేస్తే కొత్తవాటికి చోటూ తిండీ దొరుకుతాయట.

ఎక్కించిన రోజు నాకు నవ్వొచ్చింది. ఇన్ని లక్షలు పోస్తే వచ్చింది అరచేయంత సంచి. పది నిమిషాల్లో అయిపోయింది. గదంతా వెల్లుల్లి వాసన. కణాల్ని మంచులా గడ్డకట్టించి దాచేటప్పుడు కలిపే ద్రవం వాసనట అది, వాడి ఊపిరిలో మర్నాటి దాకా ఉంది.

మూడో రోజు 103 జ్వరం, బీపీ పడిపోయింది. కొత్త కణాలు యుద్ధం మొదలుపెడితే ఒళ్ళు అలా కాగిపోతుందని ముందే చెప్పారు. టోసిలిజుమాబ్ అనే ఇంజెక్షన్ ఇచ్చారు. దీంతో పాటు మెదడు మీద కూడా ప్రభావం పడొచ్చని రోజూ పూటపూటకీ నర్సు వచ్చి వాడిచేత ఒక వాక్యం రాయించేది, వంద నుంచి పదులు తగ్గిస్తూ వెనక్కి లెక్కపెట్టించేది. వాడు తెలుగులో రాసేవాడు: 'అమ్మ చేసే ఉలవచారు తినాలని ఉంది.' ఆ సిస్టర్ మలయాళీ, అక్షరం ముక్క అర్థం కాదు. అయినా నిన్నటి కాగితం పక్కన ఇవాళ్టిది పెట్టి గీతలు వణుకుతున్నాయా అని చూసేది. అయిదో రోజు 'ఉలవచారు' దగ్గర పెన్ను ఆగిపోయింది. స్టెరాయిడ్ మొదలుపెట్టారు. ఏడో రోజుకి వాక్యం పూర్తిగా రాశాడు. ఆ కాగితాలన్నీ మా అమ్మ దేవుడి గూట్లో పెట్టింది.

ఇప్పటికి పద్నాలుగు నెలలు, స్కాన్‌లో ఏమీ లేదు. ఆసుపత్రి ఖర్చులతో కలిపి మాకు 50 లక్షలకి దగ్గరైంది. చెల్లెలి పెళ్ళికని ఉంచిన స్థలం పోయింది.

పలమనేరు_అక్క | బుధవారం, ఉదయం 7:20

తమ్ముడి అన్నగారూ, మీ తమ్ముడు చల్లగా ఉండాలి. ఆ ఉలవచారు తిన్నాడా లేదా చెప్పలేదు మీరు.

తమ్ముడి_అన్న | బుధవారం, ఉదయం 8:02

డిశ్చార్జ్ అయిన రోజే అడిగాడక్కా. అమ్మ కుక్కర్ ఎక్కించేలోపు నిద్రపోయాడు. మర్నాడు తిన్నాడు.

వైరస్_వంటవాడు | బుధవారం, ఉదయం 9:30

తమ్ముడి అన్న రాసింది మళ్ళీ మళ్ళీ చదివా. ల్యాబ్ కిటికీకి అవతల ఏం జరుగుతుందో మాకు కనపడదు.

రెండు ముక్కలు కలుపుతా. 2017లో అమెరికాలో మొదటి కార్-టీకి అనుమతి వచ్చినప్పుడు మందు ధరే 4,75,000 డాలర్లు. మన దగ్గర ఐఐటీ బాంబే, టాటా మెమోరియల్ క్యాన్సర్ ఆసుపత్రి వాళ్ళ పరిశోధనతో వచ్చిన నెక్స్‌కార్19 అనే కార్-టీకి 2023 అక్టోబరులో అనుమతి వచ్చింది. ఆ తర్వాత 2025లో ఇక్కడి బెంగళూరు కంపెనీ ఇమ్యునీల్ తెచ్చిన ఖార్టెమి. రెండూ సీడీ19 అనే గుర్తున్న రక్త క్యాన్సర్లకే. బుగ్గ క్యాన్సర్ కణం మీద ఆ గుర్తు ఉండదు. అందరి గడ్డా కరుగుతుందనీ కాదు, నెక్స్‌కార్ ట్రయల్ ఫలితాల్లో 73 శాతం మందిలో పనిచేసింది.

గోరంట్ల అన్నా, ఆ సెంటర్ వాళ్ళు కాగితం ఏమన్నా ఇచ్చారా? దాని మీద మందు పేరేముంది?

గోరంట్ల_అల్లుడు | బుధవారం, మధ్యాహ్నం 12:50

రంగు కాగితం ఇచ్చినారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాండా. 'ప్యాకేజీలో: కాంప్రిహెన్సివ్ జీనోమిక్ ప్రొఫైలింగ్ – 1. డెండ్రిటిక్ సెల్ డోసులు – 6. ఇమ్యూన్ బూస్టర్ డ్రిప్ – 12.' మందు పేరంటూ ఏమీ లేదు.

పలమనేరు_అక్క | బుధవారం, మధ్యాహ్నం 1:05

ఇందులో జీన్ థెరపీ ఎక్కడుంది తమ్ముడూ? మొదటిది జీన్ టెస్ట్! నాకు అండాశయ క్యాన్సర్ వచ్చినప్పుడు చేశారు. బ్రాకా1 జీన్‌లో తేడా ఉందని తేలింది. అలాంటివాళ్ళకి కార్బోప్లాటిన్ కీమో బాగా పడుతుందన్నారు, నాకూ పట్టింది, ఆ తర్వాత ఒలపరిబ్ మాత్రలు. ఊళ్ళో మా ఆడపడుచు 'మా వదినకి జీన్ మార్చారు' అని చెప్పుకుంది. నా జీన్‌ని ఎవరూ ముట్టుకోలేదు. అది ఎలా ఉందో చూసి, దానికి తగిన మందు ఇచ్చారు, అంతే. జాతకం చూసినంత మాత్రాన గ్రహాల్ని జరిపినట్టా?

వైరస్_వంటవాడు | బుధవారం, మధ్యాహ్నం 1:20

అక్క ఒక్క మాటలో తేల్చేశారు. రెండోది, డెండ్రిటిక్ కణాలు. రోగి రక్తంలోని కణాలకి క్యాన్సర్ ముక్కలు చూపించి మళ్ళీ ఎక్కించడం. మామూలుగా చేస్తే అందులో ఏ జీనూ మార్చరు. అది జీన్ థెరపీ కాదు, బుగ్గ క్యాన్సర్‌కి పనిచేస్తుందన్న గట్టి రుజువూ లేదు. మూడోదాని గురించి మాట్లాడితే నాకు కోపం వస్తుంది, వదిలేస్తా.

వాళ్ళకి ఫోన్ చేసి ఇది అనుమతి ఉన్న మందా, ట్రయలా అని అడగండి. మందైతే పేరు చెప్పాలి. ట్రయలైతే సీటీఆర్ఐ, అంటే దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ, దాని నంబరు ఉండాలి. 'సీటీఆర్ఐ' అని మొదలై ఏడాది, నెల, ఆపైన అంకెలు ఉంటాయి. 2009 నుంచి మన దేశంలో ప్రతి ట్రయలూ అక్కడ నమోదవ్వాలి, వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. ఇంకోటి, ట్రయల్ మందుకి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం, పరిహారం ఇవ్వాల్సింది కూడా వాళ్ళే, 2019 రూల్స్‌లో ఉంది. ప్రయోగమూ వాళ్ళదే, 9 లక్షలూ వాళ్ళవే అంటే కుదరదు.

గోరంట్ల_అల్లుడు | బుధవారం, రాత్రి 9:40

చేసినాను. స్పీకర్‌లో పెట్టి, మా బావమరిదిని పక్కన కూర్చోబెట్టుకొని. మందు పేరు అడిగితే 'పర్సనలైజ్డ్ సార్, పేరుండదు' అనింది. సీటీఆర్ఐ నంబరు అడిగితే కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఎవరో మగాయన తీసుకొని 'మీకెవరు చెప్పినారు ఇవన్నీ' అన్నాడు. నమ్మకం లేనివాళ్ళకు మేము వైద్యం చేయమన్నాడు. ఈ రోజే కడితే 7 లక్షలకు చేస్తామని కూడా అన్నాడు.

ఫోన్ పెట్టేసినాక మావోడు ఏమీ మాట్లాడలేదు. చీనీ తోట కొనేటోనికి ఫోన్ చేసి 'ఇప్పుడు వద్దులే అన్నా' అన్నాడు.

సిల్క్‌బోర్డు_బాధితుడు | బుధవారం, రాత్రి 9:44

రెండు లక్షల డిస్కౌంట్! నేను చెప్పలే? ఫ్లాటే ఇది.

డేకేర్_సిస్టర్ | బుధవారం, రాత్రి 10:30

అల్లుడు గారూ, రేపు మీ డాక్టరమ్మని ఒకటి అడిగి చూడండి. నిర్ణయం ఆమెదే. తలా మెడా క్యాన్సర్ తిరగబెట్టినవాళ్ళకి టాటా మెమోరియల్ వాళ్ళు ఒక పద్ధతి పరీక్షించారు, 2022లో వచ్చింది. కొన్ని రోజూ, కొన్ని వారం వారం మింగే చిన్న డోసు మాత్రలు, వాటికి తోడు నివోలుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (మన ఒంటి రక్షణ శక్తినే క్యాన్సర్ మీదికి తోలే మందు) మూడు వారాలకోసారి 20 మి.గ్రా. మామూలు డోసుతో పోలిస్తే పదో వంతు కూడా కాదు, అందుకే మనలాంటివాళ్ళకి అందే ధర. మాత్రలు మాత్రమే తీసుకున్నవాళ్ళలో ఏడాది తర్వాత 16.3 శాతం మంది బతికి ఉంటే, ఇది కలిపినవాళ్ళలో 43.4 శాతం. ఇది జీన్ థెరపీ కాదు. నయమైపోతుందనీ చెప్పను, అబద్ధం అవుతుంది. చేతిలో ఉన్నవాటిలో రుజువున్నది ఇది, అందుకే రాస్తున్నా.

గోరంట్ల_అల్లుడు | 5 వారాల తర్వాత, ఆదివారం, సాయంత్రం 6:15

అందరికీ ఒకసారి చెప్పాలని వచ్చినా. ఆ గురువారం డాక్టరమ్మను అడిగినాను. ఆయమ్మ 'ఎవరు చెప్పినారు' అని కోప్పడలేదు, కుర్చీ లాక్కొని కూర్చొని అరగంట మాట్లాడినారు. కిడ్నీ రిపోర్టు అంత బాగలేదని సిస్‌ప్లాటిన్ మానేసి సిస్టర్ చెప్పిన పద్ధతే మొదలుపెట్టినారు. రెండు ఇంజెక్షన్లు అయినాయి. గడ్డ పెరగలేదు, కొంచెం మెత్తబడిందని మా అత్త అంటాది, నాకైతే తెలీదు. ఒంటి మీద దద్దుర్లు మాత్రం వచ్చినాయి.

అక్కడొక తమాషా ఉంది. సీసా 40 మి.గ్రా. మామకు కావాల్సింది 20. అందుకని సిస్టర్ ఇద్దరిద్దరిని జోడీ కట్టి ఒకే రోజు పిలుస్తారు, సీసా ఖర్చు చెరి సగం. మామ జోడీ తుమకూరు తాత ఒకాయన. ఆయనకు తెలుగు రాదు, మామకు కన్నడం అంతంత మాత్రం, ఇద్దరికీ నోరు సరిగ్గా తెరుచుకోదు. అయినా డ్రిప్ ఎక్కినంత సేపూ మాట్లాడుకుంటానే ఉంటారు. చీనీ ధర, టెంకాయ ధర.

పోయినసారి తాతకు జ్వరమొచ్చి రాలేదు. ఇంకొకరితో జోడీ కడతామంటే మామ వద్దన్నాడు. రెండు రోజులు ఆగినాము. తాత వచ్చినాడు.

ఇప్పుడు నాకొక సాయం కావాల. విల్సన్ గార్డెన్, లక్కసంద్ర వైపు నెలకు అద్దెకు రూము ఎక్కడన్నా ఉందా? మిక్సీ పెట్టుకోనిచ్చేది కావాల. మామకు అన్నం నీళ్ళలా చేసి పోస్తేనే దిగుతాది, ఇప్పుడున్న లాడ్జి ఓనరు కరెంటు బిల్లని మిక్సీ ఎత్తిపెట్టుకున్నాడు.

పలమనేరు_అక్క | ఆదివారం, సాయంత్రం 6:40

లక్కసంద్రలో మా ఓనరమ్మ మేడ మీద గది ఖాళీగా ఉంది. మెట్లు పద్నాలుగు, మామయ్యగారు ఎక్కగలరా? మిక్సీ నాది ఇస్తాను. మెసేజ్ పెట్టు తమ్ముడూ.